ఎడమవైపు వెనక స్పీకరు

మా పాత టీవీ తెర మీద నిలువునా ఒక నల్ల గీత పడింది. మొదట వెంట్రుకంత ఉండేది. నెల తిరిగేసరికి వేలెడంత అయింది. వార్తలు చదివే మనిషి ముఖం సగానికి చీలి కనిపించేది. దానికి వేయాల్సిన భాగం ఇప్పుడు ఎక్కడా దొరకదని మెకానిక్ తేల్చాక, కొత్తది కొందామని నా భార్య అన్నది.

ఆమె నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సు. నేను బస్సు డిపో ఆఫీసులో గుమాస్తాను. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా మేమిద్దరం ఇంట్లో కలిసి కూర్చుని పూర్తిగా చూసిన సినిమాలు నాలుగైదు కూడా ఉండవు. తన డ్యూటీల వల్లే అనుకునేది ఆమె. సగం సినిమాలో నేను ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోవడం ఆమె గమనించిందో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఒక ఆదివారం చర్చి అయ్యాక నేరుగా షాపుకు వెళ్లాం. గోడ నిండా టీవీలు, అన్నింటిలోనూ ఒకటే చిలకల గుంపు. నా భార్య హాలు కొలతలు కాగితం మీద రాసుకొచ్చింది. సోఫాకూ గోడకూ మధ్య తొమ్మిది అడుగులని చెబితే, యాభై అయిదు అంగుళాలది సరిపోతుందని, అంతకు మించితే మెడ తిప్పి చూడాల్సి వస్తుందని సేల్స్‌మన్ అన్నాడు. నిజాయితీపరుడు. షాపులో లైట్ల వెలుగుకు తట్టుకోవడానికి రంగులు బాగా పెంచి పెడతామని, ఇంటికి వెళ్లాక తగ్గించుకోమని కూడా చెప్పాడు. ఒకే వార్తల ఛానెల్‌ను మామూలుగా ఒకసారి, హెచ్‌డీలో ఒకసారి పెట్టి చూపించాడు. మొదటిదాంట్లో వార్తలు చదివే ఆమె చీర అంచు మసకమసకగా ఉంది. రెండోదాంట్లో జరీపోగులు లెక్కపెట్టేటట్టు ఉన్నాయి. నాకూ ముచ్చటేసింది.

తర్వాత సౌండు చూద్దురు రండి అని పక్క గదిలోకి తీసుకెళ్లాడు. చిన్న గది, మందపాటి తెరలు, మధ్యలో నాలుగు కుర్చీలు. ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, మూలన దడదడలాడించే పెద్ద పెట్టె ఒకటి. తలుపు వేసి ఏదో దృశ్యం పెట్టాడు. అడవిలో వాన. నీళ్ల చప్పుడు మా చుట్టూ తిరిగింది. అంతలో వెనక నుంచి, నా ఎడమ భుజం వెనక నుంచి, ఒక ఆడపిల్ల ఎవరినో పిలిచింది. ఏ భాషో తెలియదు. నేను కుర్చీలోంచి లేచి పూర్తిగా వెనక్కి తిరిగి నిలబడ్డాను.

అందరూ అట్లానే తిరిగి చూస్తారని సేల్స్‌మన్ సంతోషపడ్డాడు. నా భార్య నవ్వి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నా అరచెయ్యి తడిగా ఉండటం చూసి ఆమె నవ్వు ఆగింది. ఉక్కగా ఉందన్నాను. టీవీ ఒక్కటి చాలు, ఈ పెట్టెలన్నీ ఎందుకని కూడా అన్నాను. ఎందుకు వద్దో చెప్పమంది. నేను బిల్లు రాసే బల్ల వైపు నడిచాను. రెండూ కొన్నాం.

రెండు రోజులకు బిగించడానికి నడివయసు మనిషి ఒకాయన వచ్చాడు. కిటికీ వెలుగు తెర మీద పడుతుందని టీవీని ఎదురు గోడకు మార్చాడు. అన్నీ కలిపాక బొమ్మ వచ్చింది గాని స్పీకర్లు పలకలేదు. టీవీ వెనక నాలుగు ఒకేలాంటి కంతలున్నాయి, వాటిలో శబ్దాన్ని బయటికి పంపేది ఒక్కటే. వైరు తీసి అందులో పెట్టాక పలికాయి. సోఫా గోడకు ఆనించి ఉంటే వెనక శబ్దం చెవిలో గుచ్చుకుంటుందని, రెండడుగులు ముందుకు జరిపించాడు. అప్పటిదాకా మా సోఫా వెనక గోడ ఉండేది. ఇప్పుడు మనిషి నిలబడేంత జాగా ఏర్పడింది.

చివరగా నన్ను మధ్యలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టాడు. ఒక్కో స్పీకర్లోంచి వరుసగా సుయ్యిమని ఒక హోరు వస్తుంది. ముందు ఎడమ, మధ్య, ముందు కుడి, వెనక కుడి, ఆఖరున వెనక ఎడమ. ఆ హోరు ఆటుపోట్ల వేళ ఏటిలో నీళ్లు తిరగబడే చప్పుడులాంటిది. అన్నీ సమంగా వినపడుతున్నాయా సార్ అని అడిగాడు. వినపడుతున్నాయన్నాను.

మర్నాడు నా భార్య డ్యూటీకి వెళ్లాక, ఆ వెనక ఎడమ స్పీకరు వైరును పీకి, ఎవరూ గమనించకుండా దాని కొసను పెట్టె వెనకే దూర్చేశాను.

మాది బోగోలు దగ్గర ఏటి ఒడ్డు పల్లె. సముద్రం అక్కడికి మైలు దూరం. పోటు వస్తే ఏరు నిండేది, పాటు తీస్తే మోకాలి లోతుండేది. ఏటికి అవతల సరుగుడు తోటలు. ఎండి రాలిన సరుగుడు ఆకును ఊడ్చి మూటలు కట్టి తెచ్చుకుంటే పొయ్యిలోకి పనికొచ్చేది. మా అమ్మ చిన్నప్పుడే పోయింది. అమ్మకు అక్క అయిన మా పెద్దమ్మే నన్ను పెంచింది. పెద్దమ్మకు ఒక కూతురు, నాకంటే నాలుగేళ్లు పెద్దది. ఆమె తర్వాత చాలా ఏళ్లకు పుట్టిన కొడుకు అప్పటికి చంకబిడ్డ.

ఊళ్లో ఒక్క ఇంట్లోనే టీవీ ఉండేది. వారానికి ఒక సినిమా. నేను చెప్పే ఆ సినిమా రోజుకు నాకు పదకొండేళ్లు, అక్కకు పదిహేను. మధ్యాహ్నం ఆకుకు వెళ్లమని పెద్దమ్మ చెబితే, సినిమా రోజున పోనని అక్క ఎదురు చెప్పింది. పెద్దమ్మ వీధిలో అందరూ చూస్తుండగా చెంప మీద కొట్టింది. అక్క ఏడవలేదు. చీపురూ గోనెపట్టా తీసుకుని బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను.

తిరిగొచ్చేటప్పటికి పోటు మొదలైంది. నీళ్లు నా నడుము దాకా ఉన్నాయి. నా మూట చిన్నది. సినిమా మొదలైపోతుందని నేను ముందు దాటేశాను. అక్క అప్పుడే పెద్ద మూట తలకెత్తుకుని అవతలి ఒడ్డున దిగుతోంది. నేను గట్టెక్కి పరిగెత్తుతుంటే వెనక ఎడమవైపు నుంచి అక్క పిలిచింది. విన్నాను. తిరిగి చూడలేదు. తిరిగితే మూట పట్టుకోమంటుంది, ఆలస్యమైపోతుంది అనుకున్నాను.

మూట ఇంటి ముందు పడేసి టీవీ ఉన్న ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. మధ్యలో వార్తల కోసం సినిమా ఆపేవారు. ఆ వార్తలప్పుడు పెద్దమ్మ చంకలో బిడ్డతో వచ్చి అక్క ఏదని అడిగింది. “వెనకాల వస్తాంది” అన్నాను. ఆమె వెళ్లిపోయింది. వార్తలు అయిపోయి మళ్లీ సినిమా మొదలైంది. నేను చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో గుర్తులేదు గాని, చూశాను. నవ్వాను కూడా.

ముందు మూట దొరికింది, తేలుతూ. పొద్దుగూకే లోపు వలలవాళ్లు అక్కను తెచ్చారు. ఇసుక కోసం తవ్విన గుంటలో కాలు పడిందన్నారు. అడిగినవాళ్లందరికీ ఒకటే చెప్పాను. నేను ముందు వచ్చేశాను, అక్క ఇంకా అవతలే ఉంది, నాకేమీ వినపడలేదు. పదకొండేళ్ల పిల్లాణ్ణి ఎవరు గుచ్చి అడుగుతారు? ఆ మాట నాతోపాటే పెరిగి పెద్దదైంది. నా భార్యకు కూడా అదే చెప్పాను.

టీవీ వచ్చిన నెలకు పెద్దమ్మకు కంటి శుక్లం ఆపరేషన్ అయింది. నా భార్య పనిచేసే ఆసుపత్రిలోనే చేయించాం. పది రోజులు మా ఇంట్లో ఉండాలి, పూటపూటకూ చుక్కలు వేయాలి. కొన్నాళ్లు కంటికి శ్రమ ఇవ్వొద్దన్నారు గనక ఆమె నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో కళ్లు మూసుకుని టీవీ వినేది. పాటలు వినేది, వార్తలు వినేది, బైబిల్ వాక్యం చెప్పే ఛానెల్ వినేది. ఎవరు ఎటునుంచి వచ్చారో, తలుపు ఏ పక్క తీశారో చెబుతూ ఉండేది. నా భార్యకు అది చూడటం ఎంతో వేడుక.

అయిదో రోజో ఆరో రోజో సాయంత్రం, నా భార్య వంటింట్లో ఉంది. నేను పెద్దమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. ఆమె తల కొంచెం వంచి, నెమ్మదిగా అడిగింది.

“అబ్బయా, ఈ ఎడంపక్క వెనకాల ఏం రావడంలేదేంది? మిగతా అన్ని పక్కలా వస్తాంది.”

చెడిపోయిందేమో, చూపిస్తాలే అన్నాను. కొత్తదేగదా, అప్పుడే ఎట్లా చెడిపోతుందని అన్నది. ఆ మాటలో అనుమానం ఏమీ లేదు. నల్లద్దాల వెనక ఆమె కళ్లు కనిపించకపోవడం వల్లనేమో, చెప్పడం మొదలుపెట్టాను. వైరు నేనే పీకానని చెప్పాను. షాపులో ఏం జరిగిందో చెప్పాను. అక్కణ్ణించి ఆగలేదు. అక్క పిలిచిందనీ, విన్నాననీ, తిరగలేదనీ చెప్పాను. టీవీలో ఎవరో ఏదో పాడుతున్నారు. ఆపాలని కూడా నాకు తోచలేదు.

పెద్దమ్మ తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“ఏమని పిలిచింది?”

“‘రేయ్, ఆగరా, నేను గూడా వస్తాండా’ అనింది.”

“వస్తాండా అనిందా?”

“అనింది పెద్దమ్మా.”

“యాడికి?”

“సినిమాకే.”

ఒళ్లోని అద్దాలను ఆమె కొంగుతో తుడిచింది. తర్వాత నా వైపు చూడకుండా, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నది. “ఈత వచ్చిన పిల్ల ఎట్లా పోతాది అన్నారు ఊళ్లో. నేను కొట్టినానని నీళ్లలోకి పొయ్యిందనుకున్నా. ఇన్నేళ్లూ అట్లే అనుకుంటా ఉండా.”

నాకు ఆ సంగతి తెలియదు. ఊళ్లో అలా అనుకున్నారని గాని, ఆమె అలా నమ్మిందని గాని ఎప్పుడూ నా చెవిన పడలేదు. నేను దాచింది నా తప్పు ఒక్కటే అనుకుంటూ వచ్చాను. ఆ పిలుపు నాది కాదు, ఆమెకు అందాల్సింది. అది నా దగ్గర ఉండిపోయింది. అది తెలియక ఆమె ఆ చెంపదెబ్బను రోజూ మోసింది. ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో మోకరించి ఆమె ఏమని వేడుకునేదో నాకు అప్పుడు అర్థమైంది.

“నువ్వు అప్పుడే చెప్పుంటే,” అన్నది.

వంటింటి గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. ఎంతవరకు విన్నదో గాని, గరిటె చేతిలోనే ఉంది. ఆమె వచ్చి టీవీ ఆపి, అద్దాలు తీయకూడదని చెప్పి పెద్దమ్మకు మళ్లీ పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులు పెద్దమ్మ నాతో మాట్లాడలేదు. చుక్కలు వేయబోతే, అమ్మాయి వస్తుందిలే అని తల తిప్పుకునేది. అన్నం పెడితే తినేది. పెళ్లినాడే చెప్పి ఉంటే తానే పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లి చెప్పించేదాన్నని నా భార్య ఒక్కసారి అన్నది. మూడో రోజు పొద్దున పెద్దమ్మ నన్ను పిలిచి ఆ వైరు పెట్టమంది. పెట్టాను. వార్తలు వస్తున్నాయి, అందులో వెనక నుంచి వచ్చేదేమీ ఉండదు. అయినా ఆమె సోఫా వెనక ఆ జాగాలో స్టూలు వేయించుకుని, స్పీకరుకు దగ్గరగా కాసేపు కూర్చుంది. నేను డిపోకు వెళ్లిపోయాను. ఆ పూట పనిలో రెండు డ్యూటీ చార్టులు తారుమారు చేసి మాట పడ్డాను.

కన్ను బాగుందని డాక్టరు చెప్పిన రోజు, ఆమెను ఊళ్లో దింపి రావడానికి నేనే వెళ్లాలని అన్నది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొత్త కంటితో పొలాలు చూసింది. బోగోలులో దిగి ఆటో ఎక్కాం. ఏటి మీద ఇప్పుడు వంతెన ఉంది. అది దాటేటప్పుడు ఆమె ఏటి వైపు తల తిప్పలేదు. ఇంటి ముందు ఆమె కొడుకు ఎదురొచ్చాడు. వాకిట్లోనే అతణ్ణి నిలబెట్టి, “నాకు చెప్పినట్టే వీడికీ చెప్పు” అన్నది.

చెప్పాను. పగటి వెలుగులో, బట్టలు ఆరేసిన తీగ పక్కన నిలబడి, మొదటినుంచీ చెప్పాను. అతనికి అక్క ముఖం గుర్తులేదు. విని, లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగాను. మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాను.

ఇప్పుడు ఆదివారాల్లో పెద్దమ్మ ఫోన్ చేస్తుంది. మొదట కన్ను సంగతి, కొడుకు బిడ్డల సంగతి చెబుతుంది. తర్వాత అక్క ఎట్లా పిలిచిందో చెప్పమంటుంది. చెబుతాను. ఆ గొంతులో చెప్పాలని చూస్తాను. మొదట్లో చెప్పేటప్పుడు అక్క గొంతు స్పష్టంగా వినపడేది, దాని వెంట నేను చెప్పేవాణ్ణి. ఇన్నిసార్లు చెప్పాక, సోఫాలో ఒంటరిగా కూర్చున్నప్పుడు వెనక నాకు వినపడేది అక్క గొంతో, ఫోనులో పలికే నా గొంతో తెలియకుండా పోతోంది. ఆ సంగతి పెద్దమ్మకు చెప్పలేదు.

పోయిన ఆదివారం ఆమె ఫోన్ రాలేదు. చీకటి పడేదాకా చూసి, ఆ పిలుపు చెప్పడానికి నేనే చేశాను.