రెజ్యూమే చివర్న బాబా నంబరు

ఖోఖో ఆడేదాన్ని నేను, రాష్ట్రస్థాయిలో. ఈ మాట ఒమన్‌లో ఎవరికి చెప్పినా అదేం ఆట అన్నట్టు మొహం పెడతారు కాబట్టి చెప్పడం మానేశాను. కడపలో బీపీఎడ్ చేసి, బడిలో పీఈటీ పోస్టు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసి, చివరికి ఏజెంటు చేతిలో పెట్టిన వీసా మీద మస్కట్ పక్కనున్న మబేలాకి వచ్చాను, ఒకరింట్లో వంటకీ ఇల్లు ఊడ్వడానికీ. ఇక్కడ గుర్తింపు కార్డుని బతాకా అంటారు. దాని మీద నా ఉద్యోగం ఇంటి పనిమనిషి. చదివిన చదువంతా గంగలో కలిసిందని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అనేది. ఆమె అన్నందుకు కాదు నా కోపం, నాకూ అలాగే అనిపిస్తున్నందుకు.

యజమానిని బాబా అని, ఆయన భార్యని మామా అని పిలవడం ఇక్కడి ఇళ్లలో పనిచేసేవాళ్ల అలవాటు. మంచివాళ్లే. తిట్టరు, తిండికి లోటు చేయరు. వాళ్లకి పదేళ్ల కూతురు. ఎండ తగ్గాక పెరట్లో రెండు ఖర్జూరపు చెట్ల మధ్య దాన్ని పరిగెత్తించేదాన్ని. ఖోఖోలో స్తంభాన్ని ఒంటి చేత్తో పట్టుకుని వేగం తగ్గకుండా తిరగాలి. చెట్టు మొదలుకి గుడ్డ చుట్టి అదే నేర్పాను. బడిలో పరుగుపందెంలో పిల్ల మొదట వచ్చిన రోజు మామా నన్ను కావలించుకుంది. నాకేమో ఆశ పుట్టింది. పుట్టకపోయినా బాగుండేది.

బాబా తల్లికి బీపీ చూపించడానికి తీసుకెళ్లే క్లినిక్‌లో గోదావరి జిల్లా నర్సు ఒకామె పరిచయమైంది. అక్కా అనేదాన్ని. దగ్గర్లోనే ఆడపిల్లల కోసం స్పోర్ట్స్ అకాడమీ ఒకటి పెట్టారని, ఆడ కోచ్‌లు దొరక్క అవస్థ పడుతున్నారని ఆమే చెప్పింది. రెజ్యూమే పంపమంది. నా దగ్గర బయోడేటా ఉందన్నాను గర్వంగా. చూసి పడీ పడీ నవ్వింది. పట్టుచీరలో స్టూడియో ఫోటో, తండ్రి పేరు, కులం, ఎత్తు, పైన రాసినవన్నీ నిజమేనని ప్రమాణం. ఇది పెళ్లివారికి పంపుకోవే, ఉద్యోగానికి పనికిరాదంది.

ఒక శుక్రవారం ఆమె రూములో కూర్చుని కొత్తది రాశాం. కులం పోయింది, పట్టుచీర పోయింది, ప్రమాణం కూడా పోయింది. నేను ఆడిన టోర్నమెంట్లన్నీ వరసగా చెప్పుకుపోతుంటే ఆపేసింది.

"నువ్వేం ఆడావో కాదు పిల్లా, నీ దగ్గర నేర్చుకుని ఎవరు గెలిచారో రాయాలి," అంది.

ఖోఖో తీసేసి అథ్లెటిక్స్ అని పెడదామంది. నాకు ఒళ్లు మండింది. నా మోకాళ్ల మీద మచ్చలు అథ్లెటిక్స్‌వి కావని దెబ్బలాడాను. చివరికి ఖోఖో ఒక మూల చిన్న అక్షరాల్లో మిగిలింది. ఇంటిపని చేసిన ఏళ్లని ఖాళీగా వదలకూడదట, చూసేవాళ్లకి అనుమానం వస్తుందట. ఒక కుటుంబంలో బాలికకు పరుగులో శిక్షణ అని రాశాం. అబద్ధమైతే కాదు కదా. ఇక మిగిలింది అడుగున మన గురించి చెప్పగల ఇద్దరి పేర్లు. ఒకటి తనది ఇచ్చింది. ఇంతలో ఆమెకి డ్యూటీకి రమ్మని ఫోనొస్తే, రెండోది నువ్వే నింపి పంపెయ్ అని పరుగు తీసింది.

మా వైపు ఈ పని ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. కాలేజీలో చేరాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా గెజిటెడ్ ఆఫీసరు సంతకం కావాలి. నా నడవడిక మంచిదని నా మొహమైనా సరిగ్గా చూడని పెద్దమనిషి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టిచ్చాడు. ఆయనకి ఫోన్ చేసి ఈ పిల్ల ఎలాంటిదని అడిగినవాడు నా ఎరుకలో లేడు. పెద్ద పేరు ఉంటే కాగితానికి బరువు, అంతే. ఈ దేశంలో నాకు తెలిసిన పెద్దమనిషి బాబా ఒక్కడే, పైగా ప్రభుత్వ ఆఫీసులో అధికారి. ఆయన పేరు, హోదా, నంబరు చక్కగా రాసి పంపేశాను.

అకాడమీ నుంచి పిలుపొచ్చింది. అక్క రూముకని ఇంట్లో చెప్పి వెళ్లాను. అక్కడి మేనేజరమ్మ, పిల్లల్ని కాసేపు ఆడించి చూపించమంది. వాళ్లని వరసగా కూర్చోబెట్టి, వెనక నుంచి వీపు మీద తట్టి ఖో అని అరిచాను. ఆ అరుపు అరిచి ఎంత కాలమైందో! పిల్లలంతా ఖో, ఖో అని గోల గోల చేశారు. మేనేజరమ్మ కూడా నవ్వింది. మాకు నచ్చింది, ఒకరిద్దరితో మాట్లాడి చెప్తామంది. ఇంటికి వచ్చే దారంతా నా కాళ్లు నేల మీద లేవు.

తర్వాత ఒక సాయంత్రం హాల్లో బాబాకి కహ్వా, అదే ఇక్కడి కాఫీ, పోస్తున్నాను. ఫోన్ మోగింది. ఆయన మాట్లాడే అరబ్బీ నాకు అర్థమయ్యేంత వచ్చింది. వంట బాగా చేస్తుంది అంటున్నాడు. ఇల్లు అద్దంలా ఉంచుతుంది, నమ్మకస్తురాలు, మా అమ్మ ఆమె చేత్తో ఇస్తే తప్ప మందు మింగదు అంటున్నాడు. ఎవరో పనిమనిషి కోసం వాకబు చేస్తున్నారనుకుని లోపల మురిసిపోయాను కూడా. ఇంతలో ఆయన "కోచ్?" అని పెద్దగా నవ్వాడు. నవ్వు ఆగింది. నా వైపు తిరిగాడు. రెజ్యూమేలో నేనిచ్చిన నంబరుకి అకాడమీ వాళ్లే చేశారని అప్పుడు వెలిగింది నాకు. మాట్లాడటం అయ్యాక ఫోను పక్కన పెట్టాడు.

"తుమ్ ఇధర్ ఖుష్ నహీ?" అని వచ్చీరాని హిందీలో అడిగాడు, ఇక్కడ నీకు సంతోషంగా లేదా అని.

తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని, నా నోరేం తక్కువది కాదు. కానీ ఆయన నిజంగా నొచ్చుకుని అడిగాడు. సంతోషంగానే ఉన్నాను బాబా అన్నాను, దద్దమ్మలా. దాంతో నా పని అయిపోయింది. సంతోషంగా ఉన్న మనిషికి రిలీజ్ ఎందుకు? అదే మాట ఆయనా అన్నాడు. వేరే చోట చేరాలంటే ఆయన వదిలినట్టు రాసివ్వాలి, కాంట్రాక్టు అయ్యేదాకా ఇవ్వనన్నాడు. నీ మంచికే అని కూడా అన్నాడు.

అకాడమీ వాళ్లు ఇంగ్లీషులో మెసేజ్ పెడితే అక్కకి పంపాను. ఆమె ఫోన్ చేసి చదివింది. కోచ్ పోస్టుకి కుదరదట. సగంలో ఆగిపోయింది. మిగతాది చెప్పమన్నాను.

"మీ బాబా చాలా గొప్పగా చెప్పాడంట పిల్లా. ఎప్పుడైనా రిలీజ్ దొరికితే రమ్మన్నారు. క్లీనింగుకి."

"అంత బాగా చెప్పినాడు కదక్కా మరి," అన్నాను. ఆమె ఏడుస్తోందని తెలిసి నేనే ఫోన్ పెట్టేశాను.

నా గురించి అడగడానికి చేసిన ఫోన్లోనే మేనేజరమ్మ బాబాకి అకాడమీ సంగతంతా చెప్పిందట. నెల తిరగకముందే కూతుర్ని అందులో చేర్పించాడు. పెరట్లో పరుగులు ఇక వద్దంది మామా, ఇద్దరు రెండు రకాలుగా చెప్తే పిల్ల తికమక పడుతుందని. చెట్టుకి చుట్టిన గుడ్డ నేనే విప్పాను. పిల్లని తీసుకెళ్లి తీసుకురావడం నా డ్యూటీ. బ్యాగు, తువ్వాలు, నీళ్ల సీసా పట్టుకుని గ్రౌండు పక్కన బల్ల మీద కూర్చుంటాను. మేనేజరమ్మ ఎదురైతే తల ఊపుతుంది, నేనూ ఊపుతాను. కొత్త కోచ్ పని తెలిసిన పిల్ల, తిట్టుకుందామంటే వంక దొరకదు. గ్రౌండు కావాలని ఏడ్చాను కదా, ఇదిగో గ్రౌండు.

మొదటి వారమే కోచ్ వాళ్లని ఒక స్తంభం చుట్టి రమ్మంది. అందరూ దాని దగ్గరికి వచ్చి నెమ్మదించారు. మా పిల్ల ఒంటి చెయ్యి వేసి గిర్రున తిరిగి అందరికంటే ముందు వచ్చేసింది. నేను బల్ల మీంచి సగం లేచాను. కోచ్ చప్పట్లు కొట్టి, ఇది నీకెవరు నేర్పారని అడిగింది. పిల్ల నా వైపు చూసింది. పక్కనే ఉన్న కొత్త స్నేహితురాళ్ల వైపు చూసింది.

"ఎవరూ నేర్పలేదు," అంది.

నేను కూర్చున్నాను. అది రొప్పుకుంటూ నా దగ్గరికి వచ్చింది. మూత తీసి సీసా అందించాను. తాగి, నా మొహం చూడకుండా సీసా తిరిగి నా చేతిలో పెట్టి, పరిగెత్తుకుంటూ వెళ్లిపోయింది.