కుళ్లాయప్ప చీరలో వదులైన జానెడు

నిన్న పొద్దున షాపు షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. కుళ్లాయప్ప కూతురు లక్ష్మి.

"మామా, నాయన పోయినాడు. కాఫీ తాగి మగ్గం కాడికి పోతాండా అన్నాడు. గడప కాడనే కూలబడినాడు."

"ఎవరి నాయన?" అని అడిగాను.

ఎంత పిచ్చి ప్రశ్న!

ఇది తిరిగి చదువుకోకుండా రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. కుళ్లాయప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. నేను అవి అమ్మేవాణ్ని. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం, ఒకే ఏడు టెన్త్ తప్పాం. నన్ను పేరు పెట్టి పిలిచింది ఏనాడూ లేదు. "ఏం శెట్టీ" అనేవాడు. నా పెళ్లి స్టేజి మీద కూడా అంతే.

రెండేళ్ల కిందట వాడికి హార్ట్ ఎటాక్ వచ్చింది. బతికాడు. కానీ గుండె పంపింగ్ బాగా తగ్గిపోయిందన్నారు.

అనంతపురంలో చూపించిన ఆస్పత్రిలోనే, ఇలా బలం తగ్గిన గుండెల మీద ఒక రీసెర్చ్ జరుగుతోంది. కొత్త మందు ఇస్తారు. మూడు నెలలకోసారి పిలిచి ఎకో తీస్తారు, రక్తం తీస్తారు. వరండాలో ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం నడిచాడో రాసుకుంటారు.

సంతకం పెట్టే ముందు సిస్టర్‌ని అడిగాడు, "నాకు నయమైతాదా మేడం?" అని.

ఆమె అబద్ధం చెప్పలేదు. "చెప్పలేం. మీ తర్వాత వచ్చేవాళ్లకు మాత్రం పనికొస్తుంది" అంది.

వీడు సంతకం గీకేసి నావైపు తిరిగాడు. "పోనీలే శెట్టీ, నా గుండె దేనికో ఒకదానికి పనికొస్తాది."

ఇక మేం చేసిన ఘనకార్యం వినండి.

సరిగా నడవకపోతే లిస్టులోంచి పేరు కొట్టేస్తారని మా ఇద్దరికీ ఒక గుడ్డి నమ్మకం. ఎవరూ చెప్పలేదు. మేమే అనుకున్నాం. టెన్త్ తప్పినవాళ్లకు ఏది చూసినా పరీక్షలాగే ఉంటుంది కదా!

అందుకని చెకప్‌కు మూడు రోజుల ముందు నుంచి వాడు మగ్గం ముట్టేవాడు కాదు. మంచం మీదే ఉండి ఓపిక కూడగట్టుకునేవాడు. అక్కడికి పోయాక ఆయాసం బయటపడకుండా నోరు బిగించి నడిచేవాడు.

నేను వరండా చివర నిలబడి "ఇంకో రౌండ్ కుళ్లాయీ, ఇంకో రౌండ్!" అని అరిచేవాణ్ని. అట్లా అరవకూడదని సిస్టర్ కసిరింది కూడా. నేను వింటేనా?

ఒకసారి వాడు తెచ్చిన చీర విప్పి చూస్తే నాకు ఒళ్లు మండింది. మధ్యలో ఒక జానెడు వదులుగా ఉంది. అడ్డంగా వచ్చే పేక దారాన్ని గట్టిగా కొట్టలేదు. అలాంటి బట్ట వాడి చేతి నుంచి ఎప్పుడూ రాలేదు.

"ఏమప్పా, చెయ్యి పడిపోయిందా? ఇట్లా నేస్తే ఎవురు కట్టుకుంటారు?"

షాపు నిండా కస్టమర్లున్నారు. అందరి ముందూ అన్నాను.

వాడు ఆ జానెడు మేరా చేత్తో నిమిరి, లేచి వెళ్లిపోయాడు.

సాయంత్రం లక్ష్మి వచ్చింది.

"నాలుగు వేళ్లంత నేసి మగ్గం గుంత గట్టుకే ఆనుకుంటాడు మామా. కాళ్లు పొంగినాయి. రాత్రి పండుకుంటే ఊపిరాడదని కూసోనే నిద్రపోతాండాడు. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు."

నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

మర్నాడే వాణ్ని బస్సెక్కించాను. చీర కూడా తీసుకుపోయి, ఆ రీసెర్చ్ చూసే డాక్టరమ్మ టేబుల్ మీద పరిచాను.

"మేడం, ఈడ దాకా వీనికి బాగుండాది. ఈడ ఊపిరాడ్లేదు. మళ్లీ ఈడ లేసి నేసినాడు. మీ కాగితంలో ఉండేది అబద్ధం. ఇది నిజం."

ఆమె ఆ జానెడూ వేలితో తడిమి చూసింది. తర్వాత వాడి కాలు నొక్కింది. గుంట పడింది. వేలు తీసినా ఆ గుంట పూడలేదు.

"నడిపించేది పాస్ చేయడానికి కాదు కుళ్లాయప్పా. మీకు ఎంత కష్టంగా ఉందో మాకు తెలియడానికి. సరిగా నడవలేదని ఎవరినీ తీసెయ్యం" అంది.

వాడు తల దించుకున్నాడు. నేను గోడ వైపు తిరిగాను.

అడ్మిట్ చేసుకుని, ఒంట్లో నీరు తగ్గే మందులు పెంచారు. పది రోజులకు ఇంటికొచ్చాడు.

ఆ తర్వాతి చెకప్‌లో మూడుసార్లు ఆగాడు, కుర్చీలో కూర్చున్నాడు. ముందు నడిచినదాంట్లో సగం కూడా నడవలేదు. నేను నోరు మూసుకున్నాను. బస్సులో వాడు నవ్వుతూ, "ఫెయిలైనా గానీ శెట్టీ, పానం సుఖంగా ఉండాది" అన్నాడు.

అలా ఇంకో ఏడాది పైన బతికాడు.

మీ ఇంట్లో గుండె జబ్బు మనిషి ఉంటే, డాక్టర్ ముందు హుషారుగా ఉండమని మాత్రం చెప్పకండి. మీ కాళ్లు మొక్కుతా.

నిన్న వాడి మగ్గం మీద సగం చీర ఉంది. అలవాటు కొద్దీ వేలు పెట్టి చూశాను. మొదటి నుంచీ చివరి దాకా బిగుతుగా ఉంది. ఎక్కడా వదులు లేదు. ఆయాసం వచ్చినప్పుడల్లా వాడు నిజంగానే ఆగాడు.

అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ పాత చీర నా బీరువాలో ఉంది. దాన్ని అమ్మను. షాపులో అందరి ముందు అన్న మాటకు సారీ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మన మధ్య సారీలేందిలే అని ఊరుకున్నాను. చెప్పి ఉండాల్సింది.

తప్పు నాదే, కుళ్లాయీ.

నిదానంగా నడువు. ఆయాసమొస్తే కూసో. ఇంకో రౌండ్ అని ఈసారి అరవను.

నీ పానం చల్లగా ఉండాల.