మూడో దినం సీసా

మేడమ్ చనిపోయినారంట. పొద్దున మన పట్టు రైతుల గ్రూపులో వచ్చినాది. తిరుపతి నుంచి బస్సులో వచ్చి మా షెడ్డులో పురుగులు ఏరుకోని పోతా ఉండె, ఆ మేడమే.

కింద మీరంతా దండాలు పెట్టినారు. గొప్ప సైంటిస్టంట, తీరని లోటంట. థూ. ఆయమ్మ పేరన్నా తెల్సా మీకు? పురుగులామె అనే కదా అంటా ఉంటిరి. ప్రెసిడెంటు మామా, మా షెడ్డు ముందర నిలబడి "ఏం మేడమ్, పురుగులకీ రగతపరీచ్చా? షుగరుందా?" అన్నింది నువ్వే కదా. అందురూ పండ్లికిలిస్తిరి. ఇప్పుడు ఆయమ్మ పక్కన నువ్వుండే ఫోటో పెడతావా?

ఆ పొద్దు మేడమ్ కూడా నవ్వినారు. "షుగర్ లేదండీ, డీఎన్ఏ ఉంది. ఎంతుందో చూస్తున్నా" అన్నారు.

పెద్దోళ్ళ ముందర నాకు నోరు రాదు. ఏడుతో బడి మానేసినోణ్ణి. అయినా నాకే చెప్తా ఉండె. పురుగు కడుపులో పట్టు సంచి, దాంట్లో సెల్లులంట. సెల్లంటే ఫోననుకుంటి. గుడ్డులోనుంచి బయటికొచ్చినాక అవి ఒక్కటి కూడా ఎక్కువ కావంట. ఉండేవే ఉబ్బుతాయి, లోపల డీఎన్ఏ ఒకటికి రెండు, రెండుకి నాలుగు అయితా పోతాదంట. రంగేసి సూస్తే ఎంత ముదురో అంత డీఎన్ఏ. ఆయమ్మ రాని దినాల్లో దినానికి ఐదు పురుగులు మందు సీసాలో ఏసి, ఎన్నో దినమో చీటీ రాసి అంటించేది నా పని.

పురుగు తోలు మార్చేదాన్ని మనం జ్వరం అంటాం కదా. మేడమ్ బుక్కులో కూడా జ్వరం అనే రాసుకున్నారు. మన మాటకి ఆయమ్మ ఇచ్చిన మర్యాద అది. మీరేమిచ్చినారు?

పోయిన పంటలో, నాలుగో జ్వరం లేసినాక మూడో దినం నేను మరిసిపోతి. నాలుగో దినం పురుగులే రెండు సీసాల్లో ఏసి, ఒకదానిమింద మూడు అని రాసేస్తి. పురుగే కదా, ఎవురికి తెలుస్తాది అని.

మళ్ళీ వచ్చినప్పుడు మేడమ్ ఆ చీటీ నా చేతిలో పెట్టినారు. "అబ్బోడా, రెండు సీసాలదీ ఒకటే రంగు. పురుగు ఒక్క రోజు కూడా పెరక్కుండా ఊరుకోదే. నువ్వు అబద్ధం చెప్పావు, అది చెప్పలేదు."

నాయన ఆడనే ఉన్నాడు. మేడమ్ మెల్లగా అన్నారు, ఆయనకి చెప్పలా. బుక్కులో దినానికో చుక్క పెట్టి గీసే గీతలో ఆ దినం కాడ ఖాళీ పెట్టినారు. "తప్పు చుక్క కంటే ఖాళీ మేలు. వచ్చే పంటలో నా మూడో రోజు నాకివ్వు" అన్నారు.

మీరు నోటితో చేసింది నేను చీటీతో చేసినా. మిమ్మల్ని తిట్టేదానికి నాకు సిగ్గే. అయినా తిడతా ఉండా. ఆ దండాలు తీసేయండి.

ఈ పంటలో నాలుగో జ్వరం లేసినాక ఈ పొద్దు మూడో దినం. "ఎవురికిరా ఇంక?" అన్నాడు నాయన. ఐదు పురుగులు ఏసినా. మూడు అని రాసినా, నిజం మూడు. సీసా షెడ్డు కిటికీలో ఉండాది, మేడమ్ చేతిసంచి తగిలించే మేకు కింద.