మాఫీ కాదమ్మా, మినహాయింపు

మా పద్దుల సారు పోయారు. మంగళవారం పొద్దున నేను జొన్నపిండి కలుపుతుంటే అమ్మకందారుల గ్రూపులో మెసేజి వచ్చింది. "వనపర్తి పద్దుల సారు ఇక లేరు." దాని కింద వరసగా దండం బొమ్మలు. పది రోజుల కిందటే నా కాగితాలు నా చేతిలో పెట్టి, "నీ పని అయిపోయిందమ్మా, ఇగ నిమ్మళంగ ఉండు" అని పంపించిన మనిషి. పిండి చేతులతోనే ఆ మెసేజి మూడుసార్లు చదివాను. ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన చాలా ఏళ్ళు పల్లీల మిల్లులో గుమాస్తా. ఆ పని మానేశాక వనపర్తిలో ఒక జిరాక్సు షాపు పైగదిలో కూర్చుని, ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో అమ్ముకునే మాలాంటి వాళ్ళకు ఆదాయపు పన్ను రిటర్నులు వేసేవారు. గద్వాల చీరలు ఫోన్లో చూపించి అమ్మేవాళ్ళు, నాగర్‌కర్నూల్ నుంచి తేనె సీసాలు పంపేవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవారు. నాది పెబ్బేరు. కడక్ రొట్టెలు చేస్తాను. అప్పడంలా పెళపెళలాడే ఎండు జొన్నరొట్టెలు. హైదరాబాదు, బెంగళూరు వాళ్ళు ఫోన్లో ఆర్డరు పెడితే డబ్బాల్లో సర్ది పంపుతాను. మా ఆయన తాపీ మేస్త్రి.

మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళింది దెబ్బలాడటానికే. అంతకు ముందు ఏడాది ఎవరో నాతో, "నీకు పన్నుల మినహాయింపు ఉంటది" అన్నారు. రుణమాఫీ లిస్టులో పేరుందేమోనని మా నాన్న బ్యాంకు గోడ దగ్గర నిలబడి వెతుక్కోవడం చూస్తూ పెరిగిన దాన్ని. మినహాయింపు అంటే నాకు మాఫీయే. రిటర్ను వేయకుండా ఏడాదంతా ఎదురుచూశాను.

"సారూ, మినహాయింపు లిస్టుల నా పేరు ఎందుకు రాలే?" అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశారు. నవ్వలేదు. "మాఫీ కాదమ్మా, మినహాయింపు. మాఫీ అంటే ఎవరో దయదలిచి ఇడిసిపెట్టేది. మినహాయింపు అంటే నువ్వు పెట్టిన ఖర్చు నువ్వు చూపించుకునేది. దానికి ఎవల దయ అక్కర్లే, రసీదు కావాలె."

నా దగ్గర రసీదులు లేవు. ఖర్చులేమిటని అడిగితే పెద్దగా ఏమీ లేవన్నాను.

"గ్యాసు?"

"ఇంటిదే సారూ."

"కరెంటు?"

"అది గూడ ఇంటిదే."

"ఫోను, ఇంటి కిరాయి?"

"అంత ఇంటిదే గద."

"మరి నువ్వు గూడ ఇంటిదానివేనా?" అన్నారు. పొద్దున నాలుగు గంటలకు లేచి పెనం ముందు కూర్చునే నన్ను కూడా నేను ఏ లెక్కలోనూ రాసుకోలేదని ఆ రోజే తెలిసింది. రెండు సంచులు తెచ్చి పెట్టుకోమన్నారు. ఇంటి రసీదులు ఒకదాంట్లో, రొట్టెలవి ఒకదాంట్లో. రెండిటికీ పనికొచ్చేది ఏదైనా ఉంటే, అందులో రొట్టెల వాటా ఎంతో నిజాయితీగా చెప్పమన్నారు. కొరియరు, డబ్బాలు, టేపు, అమ్మిపెట్టే కంపెనీలు పట్టుకునే కమీషను, రొట్టె మిషను ఏటేటా అరిగే అరుగుదల, అన్నీ ఓపికగా విప్పి చెప్పారు. మా అమ్మ కూడా నాకు వంట అంత ఓపికగా నేర్పలేదు.

రావలసింది వదులుకోనిచ్చేవారు కాదు, రానిది రాయనిచ్చేవారూ కాదు. ఒకసారి విరిగి వాపసొచ్చిన రొట్టెల్ని నష్టం కింద రాయమన్నాను. "అవి ఏం చేసిండ్రు?" అన్నారు. తిన్నామన్నాను. "తిన్నది నష్టమెట్లయితదమ్మా?" అని కొట్టేశారు. ఎంత చాదస్తమో అనుకున్నాను.

ఆయనతో ఇంకా కొన్ని చిరాకులు ఉండేవి. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే, ఎదురుగా ఎవరున్నా, లెక్క మధ్యలో ఉన్నా లేచి ఇంటికి వెళ్ళిపోయేవారు. రెండింటికి గానీ తిరిగి వచ్చేవారు కాదు. అంత దూరం బస్సులో వచ్చిన మేము మెట్ల మీద కూర్చుని గొణుక్కునేవాళ్ళం. మే నెలలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేవారు. "సారుకు చలి ఎక్కువ" అని నేనే నలుగురిలో జోకు వేశాను.

మూడో ఏడు నా వ్యాపారం పెరిగింది. ఖర్చులన్నీ తీసినా పన్ను కట్టాల్సి వస్తుందన్నారు సారు. నాకు ఒళ్ళు మండింది. "మీ అసుంటోళ్ళుండి ఏం ఫాయిద?" అని మొహం మీదే అనేసి వచ్చాను. గద్వాలలో ఒక ఏజెంటు రూపాయి కట్టనవసరం లేకుండా చేస్తాడని, కంపెనీలు ముందే పట్టుకున్న పన్ను కూడా వాపసు తెప్పిస్తాడని విన్నాను. వెళ్ళాను. ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు, చెప్పాను. అంతే. నెల తిరక్కుండా డబ్బు వచ్చింది. ఏజెంటు వాటా పోను మిగిలిన దానికి కొంత కలిపి రెండో రొట్టె మిషను కొన్నాను. సారు గది ముందు నుంచి వెళ్ళే బస్సులో తల తిప్పుకుని కూర్చునేదాన్ని.

మరుసటి ఏడు పన్ను శాఖ నుంచి మెసేజి వచ్చింది. మీరు చూపిన మినహాయింపులు సరి చూసుకోండి, తప్పయితే గడువులోగా సవరించుకోండి అని దాని సారాంశం. ఏజెంటు ఫోను ఎత్తలేదు. సిగ్గు చంపుకుని సారు గది మెట్లెక్కాను. ఎందుకొచ్చావని ఆయన అడగలేదు. నా రిటర్ను తెరిచి, చాలాసేపు చదివారు.

"మీ ఆయనకు ఏమైందమ్మా?"

"ఏం కాలే సారూ, గోడ కడ్తుండు."

"ఇందుల ఆయనకు తీవ్రమైన వైకల్యం ఉందని, నువ్వే సాకుతున్నవని రాసి మినహాయింపు తీస్కున్నరు."

నాకు ఫక్కున నవ్వొచ్చింది. సిమెంటు బస్తా ఒంటిచేత్తో భుజాన వేసుకునే మనిషి మా ఆయన. నవ్వుతూ తలెత్తి చూస్తే సారు మొహం నల్లబడి ఉంది. అంతవరకు ఆయనకు కోపం రావడం నేను చూడలేదు.

"లేని కష్టం రాసుకోవద్దమ్మా" అన్నారు. "ఉన్నోళ్ళకు అది రాసుకునే ఓపిక గూడ ఉండదు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. నా భయం నాది. గడువు దాటితే జరిమానా మీద పడుతుంది, ఆపైన కేసంటారేమో, వ్యాపారం మూసుకోవాలేమో. రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి విసిగించేదాన్ని. ఒకసారి అవతల ఏదో మిషను కూతలు వినిపించాయి. ఆయన గొంతు నీరసంగా ఉంది. "ఏడున్నరు సారూ?" అంటే, "మిల్లుల ఉన్నమ్మా, చెప్పు" అన్నారు. అలా మిల్లులో ఉన్నానంటూనే నా పాత రసీదులన్నీ అడిగి రాసుకున్నారు. దొంగ మినహాయింపులు తీసేసి, రిటర్ను సరిచేసి వేశారు. వాపసుగా వచ్చిన డబ్బు, దాని మీద అదనపు పన్ను తిరిగి కట్టడానికి రెండో మిషను అమ్మేశాను. వ్యాపారం నిలిచింది. ఫీజు ఇవ్వబోతే, "మిషను అమ్మినవంట గద, తర్వాత ఇద్దువు తియ్యి" అన్నారు. ఆ తర్వాత పదో రోజే ఈ మెసేజి.

ఆయన ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. వరండాలో ఫ్రీజరు పెట్టెలో పడుకోబెట్టారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఎడమచేతి నరాలు తాడు పేనినట్టు ఉబ్బి ఉన్నాయి. పక్కింటామె చెప్పింది, రెండేళ్ళుగా డయాలసిస్, వారానికి మూడుసార్లు ఆ చేతికే సూదులు. నేను విన్న మిల్లు శబ్దం ఆ దవాఖానాది. రసీదులు రాసుకున్న చేయి ఒక్కటే అప్పుడు ఆయనకు ఖాళీగా ఉన్నది.

లోపలి గదిలో ఆయన భార్య. పక్షవాతం వచ్చి తొమ్మిదేళ్ళట, ఎడమవైపు పూర్తిగా పడిపోయింది. మాట ముద్దగా వస్తుంది. పిల్లలు లేరు. మధ్యాహ్నం పన్నెండింటికి లేచి వెళ్ళేది ఆమెను పక్క మార్చి, తుడిచి, తినిపించడానికని తెలిసింది.

"ఆ వైకల్యం మినహాయింపు ఆయనకు రాదా?" అని అడిగాను.

"తీస్కోలేదమ్మా" అంది పక్కింటామె. "సర్టిఫికెట్ కావాల్నంటే డాక్టర్ల క్యాంపుకు పట్కపోవాలె. ఆమెను మోస్కపోయి, అందరి ముందట పండబెట్టి, ఎంత శాతం పనికిరాదో చెప్పుండ్రి అని నేను అడగాల్నా అన్నడు."

నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. అందరి చేతా అన్నీ రాయించిన మనిషి తనది వదులుకున్నాడు. నేను మాత్రం ఓటీపీ చెప్పి దాన్ని తీసుకున్నాను.

చివరిసారి చూపించడానికి ఆమెను వరండాలోకి తేవాలి. "నేను పట్టుకుంట" అని ముందుకు వెళ్ళాను. బలం ఉన్నదాన్నే, రోజూ పిండి బస్తాలు లాగుతాను. చంకల కింద చేతులు వేసి లేపబోతే ఆమె శరీరం ఎటు జారితే అటే పోయింది. పక్కింటామె కాళ్ళు పట్టుకుంది, చాలలేదు. ఇంకో ఇద్దరు వస్తే గానీ గడప దాటించలేకపోయాం. ఆయన ఒక్కరే, ఆ చేతులతో, తొమ్మిదేళ్ళు.

కుర్చీలో కూర్చోబెట్టాం. నేను వెనక్కి జరగబోయి కదల్లేకపోయాను. ఆమె కుడిచేయి నా మెడ చుట్టూ బిగిసి ఉంది. ఆయన మెడకు అలవాటైన పట్టు. ఆమె చూపు మాత్రం పెట్టె అద్దం కింద ఆయన మీదే ఉంది. అలా వంగే నిలబడిపోయాను. బయట బండి వచ్చి ఆగింది, ఆయన్ను పెట్టెలోంచి లేపారు, గేటు దాటించారు. అప్పటికీ ఆ చేయి సడలలేదు.