బొడ్డు చుట్టూ ఆరు చురకలు

మొన్న గురువారం, విజయనగరంలో మా ఎదురింటివాళ్ళ మనవణ్ణి చూడడానికి వెళ్ళాను. పిల్లవాడికి ఇంకా రెండో నెల నిండలేదు. చేతుల్లోకి తీసుకోగానే జుబ్బా పైకి జరిగి, పొట్ట మీద పసుపు మెత్తిన నాలుగు మచ్చలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఇంకా చెమ్మగా ఉంది. నా మొహం చూసి వాళ్ళ నాయనమ్మ, ముప్పై ఏళ్ళు బడిలో సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఏమాత్రం తడబడకుండా, "పాలు కక్కేస్తన్నాడమ్మా, సురకలేయించాం. ఇప్పుడు సూడు, ఎంత బాగా తాగుతన్నాడో," అంది. ఇంతలో ఆవిడ కోడలు టీ తెచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆ పిల్ల కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. బీపీ మాత్ర వేసుకునే వేళయిందని అబద్ధం చెప్పి, టీ ముట్టకుండా వచ్చేశాను.

నాకు కలిగిన చీదర ఆవిడ మీద మాత్రమే అయితే ఈ నాలుగు మాటలు రాసే పని ఉండేది కాదు.

మన తరంవాళ్ళకు చురకలంటే ఏమిటో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు, మీ ఒంటి మీదే ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. పసుపుకొమ్మును నూనెలో ముంచి, దీపం మీద కాల్చి, పసిబిడ్డల పొట్ట మీద బొడ్డు చుట్టూ అంటించేవారు. పాలు కక్కినా, విరేచనాలు పట్టుకున్నా, ఊరికే గుక్కపెట్టి ఏడ్చినా అదే మందు. శృంగవరపుకోట వైపు మా పల్లెలో చురకలు లేని పొట్ట చెరువు గట్టున స్నానాలు చేసే పిల్లల్లో ఒక్కటి కూడా కనబడేది కాదు. నా పొట్ట మీదా రెండున్నాయి. వాటిని నేను పుట్టుమచ్చల్లాగే అనుకునేదాన్ని.

పెళ్ళయిన ఏడాదికి మా ఆయన జర్మనీలో ఒక యంత్రాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా కుదిరి, ఆ తరువాత నన్నూ తీసుకెళ్ళారు. పాప అక్కడే పుట్టింది. ఆ దేశంలో పిల్లల జబ్బులు చూసే పద్ధతి నాకు మొదటినుంచీ ఒంటికి పడలేదు. జ్వరం వస్తే తలకు నీళ్ళు తగలకుండా, చెవులకు గుడ్డ కట్టి, తలుపులు మూసి, మిరియాల చారుతో మెత్తటి అన్నం పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని నేను. అక్కడ డాక్టరమ్మ, జ్వరంతో కాలిపోతున్న పిల్ల పిక్కలకు తడిగుడ్డ చుట్టి కిటికీ తెరిచి ఉంచమంది, అదీ చలికాలంలో. మందేదంటే మూడు రోజులు చూద్దామంది. ఒకసారి దయతలచి మాత్ర ఇస్తే, అది నోట్లో వేసేది కాదు, వెనకనుంచి ఎక్కించేది. మా పైవాటాలో ఉండే ముసలమ్మ, పాపకు చెవిపోటు వచ్చిందని తెలిసి, తరిగిన ఉల్లిపాయలు పాత మేజోడులో మూటగట్టి తెచ్చి చెవికి కట్టింది. రెండు రోజులు ఇల్లంతా ఆ కంపే. పార్కులో వాళ్ళ పిల్లలు ముక్కునుంచి కారేది పెదాలదాకా వచ్చినా ఇసుకలో దొర్లుతుంటే, తల్లులు బల్ల మీద కూర్చుని కాఫీ తాగేవారు. చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని.

వాళ్ళకూ నేనంటే అంతే. పాప మాడుకు ఆముదం పెట్టి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే అక్కడి నర్సు ముక్కు చిట్లించేది. కాటుకను మురికి తుడిచినట్టు దూదితో తుడిచి, ఆ దూదిని రెండు వేళ్ళతో పట్టుకుని బుట్టలో పడేసేది. ఆ రెండు వేళ్ళను నేను చాలాకాలం మరిచిపోలేదు. మన పద్ధతులన్నీ మంచివనీ, వాళ్ళవన్నీ జాలిలేనివనీ నాకు ఒక మొండితనం పట్టుకున్నది అక్కడే.

పాపకు పదో నెలలో ఎచ్చెర్ల దగ్గర మా అత్తవారి ఊరికి వచ్చాం. మా ఆయన రెండు వారాలుండి వెళ్ళిపోయారు, నేను మరో నెల ఉన్నాను. ఆయన వెళ్ళిన వారానికి పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. శ్రీకాకుళం తీసుకెళ్తే డాక్టరు ఉప్పూ పంచదారా కలిసిన పొడి పొట్లాలిచ్చి, కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి గంటగంటకూ పట్టమన్నాడు. సూది వేయకుండా పంపించినవాడు డాక్టరేమిటని మా అత్తగారు దారిపొడుగునా సణిగింది. మర్నాడు పొద్దున్నే పసుపుకొమ్ము తీసింది. జర్మనీ డాక్టరమ్మలా మూడు రోజులు చూద్దామని నేను వద్దన్నాను. ఒక్కసారే అన్నాను.

"ఆ దొరసాని సెప్పినట్టు సూస్తా కూకుంటే ఏటవుతాదే? పిల్ల తోటకూర కాడనాగ వాలిపోనాది. కాళ్ళు గట్టిగా పట్టుకో," అంది ఆవిడ.

పట్టుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆ నర్సునూ, ఆ డాక్టరమ్మనూ గెలుస్తున్నట్టు కూడా అనిపించింది. మొదటి చురకకు పాప గొంతు చించుకుంది, మూడోదానికి ఊపిరి బిగబట్టి నీలంగా మారింది, ఆరోదానికి ఏడవడానికి ఓపిక లేక నా మొహంలోకి చూసింది. రెండు రోజులకు విరేచనాలు కట్టాయి. పొడి కలిపిన నీళ్ళు పడుతూనే ఉన్నాను కాబట్టి కట్టాయని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం మా అత్తగారి గొప్పను వీధిలో నేనే నలుగురికీ చెప్పాను.

జర్మనీకి తిరిగి వెళ్ళాక పాపకు ఏడాది వయసులో చేసే ఆరోగ్య పరీక్ష. అక్కడ పిల్లల్ని పూర్తిగా బట్టలు విప్పి చూస్తారు, ఆ సంగతి నాకు తెలిసి కూడా ముందురోజు రాత్రి వరకూ మా ఆయనకు పొట్ట చూపించలేదు. ఆయన తల పట్టుకుని, అమ్మవారు పోసిందని చెబుదామన్నారు. మర్నాడు అలాగే చెప్పాం. డాక్టరమ్మ కేకలు వేయలేదు. చిన్న స్కేలు తీసి ఒక్కొక్క మచ్చనూ కొలిచి రాసుకుంది. అన్నీ ఒకే కొలతలో, బొడ్డు చుట్టూ గుండ్రంగా ఉన్న మచ్చలు ఏ అమ్మవారూ పోయదని ఆవిడకు మేము చెప్పాలా? మొట్టమొదటిసారి ఆవిడ కళ్ళల్లో ఆ నర్సు దూదిని చూసిన చూపు కనబడింది, ఈసారి దానికి తగినదాన్నే నేను.

వారం తిరక్కుండా పిల్లల సంరక్షణ ఆఫీసునుంచి ఇద్దరు ఆడవాళ్ళు ఇంటికి వచ్చారు. వంటిల్లు చూశారు, మంచం చూశారు, పాప బట్టలు మళ్ళీ విప్పించారు. ఇంట్లో ఉండనివ్వాలా, తీసుకెళ్ళాలా అన్నది మేము చెప్పేదాన్ని బట్టి ఉంటుందని చెప్పారు. అప్పుడు మా ఆయన, నాకు వినబడేలా ముందు తెలుగులో చెప్పుకుని, తరువాత వాళ్ళ భాషలో చెప్పారు: మేమిద్దరం ఊళ్ళో లేని పూట మా అమ్మ చేసిందిది, చదువు లేని మనిషి, మాకు తెలియదు అని. నావైపు చూశారు. నేను తలూపాను. పాప నా ఒళ్ళోనే ఉంది. ఏడాదిపాటు వారం వారం నర్సు వచ్చి చూసేటట్టూ, ఆ నాయనమ్మ దగ్గరకు పిల్లను పంపకుండా ఉండేటట్టూ రాయించుకుని, మా చేత సంతకాలు పెట్టించుకుని వెళ్ళారు.

మా అత్తగారు ఆ తరువాత ఆరేళ్ళు బతికింది. ఉత్తరం రాయించిన ప్రతిసారీ మనవరాల్ని, గుంట ఎంత ఎదిగినాదో, ఒక్కసారి సూపించమని అడిగేది. టిక్కెట్లు దొరకలేదనీ, సెలవు లేదనీ రాశాం. ఎందుకు తీసుకురాలేదో ఆవిడకు చివరిదాకా తెలియదు. పెద్దయ్యాక పాప అడిగినప్పుడు కూడా, మీ నాయనమ్మ వేసిందనే చెప్పాను, అందులో అబద్ధం లేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొన్న ఎదురింటినుంచి వచ్చాక నా చేతులు ఎన్నిసార్లు సబ్బుతో కడుక్కున్నానో నాకే తెలియదు. సాయంత్రం అమ్మాయికి ఫోన్ చేశాను. మేము తిరిగొచ్చేసినా అది జర్మనీలోనే ఉంటుంది, దానికో నాలుగేళ్ళ కొడుకు. కాళ్ళు పట్టుకున్నది నేనేనని చెప్పాను.

"తెలుసమ్మా," అంది. "నాన్న పోయేముందు చెప్పారు. నువ్వే చెబుతావేమోనని చూశాను."

కోప్పడలేదు. బాబుకు జ్వరంగా ఉందనీ, పిక్కలకు తడిగుడ్డ మార్చాలనీ చెప్పి పెట్టేసింది. మూడుసార్లు వాణ్ణి తీసుకుని ఇక్కడికి వచ్చింది నా కూతురు, ఒక్క గంటైనా వాణ్ణి నా దగ్గర విడిచి బజారుకు వెళ్ళింది లేదు. వాడు నిద్రపోతున్నా పక్కనే కూర్చునేది. ఈ కాలపు తల్లుల అలవాటు కాబోలనుకుని, ఇరుగుపొరుగుకు అలాగే చెప్పుకున్నాను.

మా రోజుల్లో పెద్దవాళ్ళ చేతిలో పిల్లను పెట్టడానికి ఎవరూ రెండోసారి ఆలోచించేవారు కాదు. ఆ నమ్మకం పోయిందని నా ఈడువాళ్ళు బాధపడుతుంటే నేనూ వంతపాడేదాన్ని. ఇక పాడలేను. పోవలసిందే అది. అయినా పండక్కి వాళ్ళు వస్తారంటే, వాడికి ఒక్కసారి నా చేతులతో అన్నం కలిపి పెట్టాలని ఉంది, వాళ్ళమ్మ పక్కన కూర్చుని చూస్తున్నా సరే.