చక్రం కింద నిమ్మకాయ

నిన్నటి నుంచి ఒళ్ళంతా పులిసిపోయి ఉందండి. ఇంకో కప్పు టీ పొయ్యండి, చెప్తాను. మీలో ఎవరికైనా స్విమ్మింగ్ పూల్ కట్టించే ఆలోచన ఉంటే ముందు నా సంగతి వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

రెడ్డిగూడెం రోడ్డులో మా మామిడితోట తెలుసు కదా. ఫంక్షన్లకి అద్దెకిద్దామని పోయినేడాది అందులో ఒక వరస చెట్లు కొట్టించి పూల్ కట్టించాను. ఆ చెట్లేమో మా ఆవిడ సుగుణ నీళ్ళు పోసి పెంచినవి. అప్పటి నుంచి ఆవకాయ జాడీ మూత తీసినప్పుడల్లా నాకు క్లాసే. పోనీ బుకింగులైనా వచ్చాయా అంటే, ఒక్కటీ లేదు.

చివరికి ఎ.కొండూరు నుంచి ఒకాయన తన మేనకోడలి హల్దీకి అడిగాడు. పూల్ పక్కన ఫొటోలు కావాలట. నీళ్ళు అద్దంలా ఉంటాయండీ అని మాటిచ్చేశాను. ఆ మాట నిలబడితే సుగుణ ముందు నేనూ కాస్త తలెత్తుకు తిరగొచ్చని ఆశ.

తీరా చూస్తే పూల్ అడుగునంతా మట్టీ, మామిడాకులూ. అందుకే ఆన్‌లైన్లో బ్యాటరీ వాక్యూమ్ తెప్పించాను. వైరు ఉండదు. నాలుగు చక్రాల మీద నీళ్ళ అడుగున అదే తిరుగుతూ చెత్తంతా పీల్చేస్తుంది. నిన్న, హల్దీ రోజు, పొద్దున్నే ఫుల్ ఛార్జింగ్ పెట్టి తోటకి తీసుకెళ్ళాం.

అక్కడ నాకు బుద్ధి పుట్టింది. చక్రాలున్న బండి కొత్తగా ఇంటికొస్తే నిమ్మకాయలు తొక్కించకుండా ఉంటామా? ట్రాక్టరుకి తొక్కించాం, స్కూటీకి తొక్కించాం. దీనికి మాత్రం ఏం తక్కువ? సుగుణ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను పూల్ గట్టు మీద నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టి వెనక నుంచి నెట్టాను. ట్రాక్టరంత బరువుందా అది? ఒక్కటీ చితకలేదు, తలో దిక్కుకీ దొర్లాయి. ఏరితే మూడే దొరికాయి. నాలుగోది గడ్డిలోకి పోయుంటుందిలే అనుకుని మిషన్ని నీళ్ళలోకి దింపి ఆన్ చేశాను.

లోతు వైపు వెళ్ళి అక్కడే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. పీల్చడం లేదు, బ్రష్‌తో మట్టి లేపడం మాత్రం బాగా చేస్తోంది. చూస్తుండగానే నీళ్ళు టీ రంగుకొచ్చాయి. ఆపుదామంటే చెయ్యి అందదు. ఛార్జింగ్ అయిపోయేదాకా తిరిగి తిరిగి, అక్కడే కూర్చుండిపోయింది.

పూల్ కట్టించాను గానీ నాకు ఈత రాదండి. కాయలు కోసే చిక్కం తెచ్చి, గట్టు మీద నుంచి వంగి దాన్ని లాగబోయాను. కాలు జారింది. అదృష్టం కొద్దీ నీళ్ళు మెడదాకానే వచ్చాయి. చిక్కం పట్టుకుని వణుకుతూ నిలబడ్డానో లేదో, గేటు దగ్గర కార్లు ఆగాయి. పెళ్ళికూతురి మేనమామ గట్టు మీదకొచ్చి నన్ను కాసేపు చూసి, చాలా మర్యాదగా అడిగాడు.

"లోతు చూపిస్తున్నారా అండి?"

తల ఊపాను.

ఈలోపు సుగుణ వాళ్ళని మిగిలిన చెట్ల కిందకి తీసుకెళ్ళి కుర్చీలు వేయించింది. ఫొటోగ్రాఫర్ చెట్ల గుబురు చూసి పూల్ సంగతే మర్చిపోయాడు. హల్దీ అంతా అక్కడే, నీడలో. బ్రహ్మాండంగా జరిగింది. వెళ్తూ ఆ మేనమామ, ఇంకో వరస చెట్లుంటే ఇంకా బావుండేదండీ అన్నాడు. సుగుణ నావైపు ఒక చూపు చూసి కుర్చీలు సర్దడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

సాయంత్రం మిషన్ విప్పితే లోపల ఒక్క ఆకు లేదు. గొంతుకడ్డంగా నాలుగో నిమ్మకాయ, నిగనిగలాడుతూ. పీల్చే మోటారు మాత్రం కాలిపోయింది.

ఇవాళ పొద్దున చిక్కం భుజాన వేసుకుని ఆకులు తియ్యడానికి పూల్లోకి దిగబోతున్నాను. సుగుణ వెనక నుంచి ఆగమంది. వచ్చి నా నుదుట బొట్టు పెట్టి, రెండు పాదాల ముందు రెండు నిమ్మకాయలు పెట్టింది.

"కొత్త మిషన్ కదండీ, తొక్కి దిగండి" అంది.

తొక్కాను. ఈసారి రెండూ చితికాయి.