రెండో డెనిస్

మెల్‌బోర్న్ శివార్లలోని బేస్‌బాల్ క్లబ్బులో ఉపేంద్రను అందరూ "రెండో డెనిస్" అంటారు. ఒకప్పుడు అక్కడ డెనిస్‌లా కొట్టినవాడు లేడు. ఆ ముసలాయన ఇప్పటికీ మడత కుర్చీ తెచ్చుకుని ప్రతి ఆటా చూస్తాడు. పోలిక వినబడితే చాలు, ఉపేంద్ర టోపీ కళ్ల మీదికి లాక్కుని, బ్యాటును చొక్కా అంచుతో తుడుస్తూ ఉండిపోతాడు. ఈ శనివారం అతను కొట్టిన బంతి గీతకు బయటగా కంచె దాటింది. అలాంటి దెబ్బ చెల్లదు, కానీ అంపైర్ పొరబడి హోమ్ రన్ ఇచ్చాడు. జట్టు గెలిచింది. ఆ కేకల మధ్య ఉపేంద్ర నోరు విప్పలేకపోయాడు.

ఆట అయ్యాక మాంసం కాల్చుకుతినే బార్బీ దగ్గర ముసలాయన భుజం తట్టి, "నాకన్నా బాగా కొట్టావు, మేట్" అన్నాడు. ఉపేంద్ర ప్లేటు పక్కన పెట్టాడు. "డెనిస్, ఆ బాల్ లైన్ బయటికి పోయింది. నేను చూశాను." డెనిస్ అవతలి జట్టు వైపు చూపిస్తూ, "నాకు కాదు, వాళ్లకు చెప్పు" అన్నాడు. ఓడినవాళ్ల కార్లు అప్పటికే కదులుతున్నాయి. ఉపేంద్ర చెయ్యి ఊపుతూ చివరి కారు వెనక పరుగెత్తాడు. వీడ్కోలు చెబుతున్నాడనుకుని లోపలివాళ్లు కూడా నవ్వుతూ చేతులు ఊపారు.